కరెంట్ కదలకపోతే ముందు పిపెట్ ద్రావణం చూడండి

జీర్ణాశయపు నునుపు కండర కణం మీద పెప్టైడ్ హార్మోన్ వేసి, చానల్ (కణపొరలో అయాన్లు దాటే ద్వారం) కరెంట్ మారుతుందా అని ప్యాచ్ క్లాంప్‌తో (సన్నని గాజు పిపెట్‌ను కణపొరకు అతికించి కరెంట్ కొలిచే పద్ధతితో) చూడబోయేవాళ్లకు ఇది. మొదట్లో నెలల తరబడి నా రికార్డింగుల్లో ఏ మార్పూ కనిపించలేదు. సీసీకే-8 (కోలిసిస్టోకైనిన్ హార్మోన్ పొట్టి రూపం) వేసినా అంతే, విఐపీ (మరో పేగు పెప్టైడ్) వేసినా అంతే. హార్మోన్ పాడైందనుకుని కొత్త వయల్ తెరిచేవాణ్ణి. తప్పు నేను పిపెట్‌లో నింపిన ద్రావణంలో ఉంది.

ఈ హార్మోన్లు చానల్‌ను నేరుగా ముట్టుకోవు. సీసీకే తన రిసెప్టర్‌ను పట్టుకుంటే జీ-ప్రోటీన్ ద్వారా ఐపీ3 అనే కబురు అణువు తయారై, కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం విడుదలవుతుంది. విఐపీ అయితే సైక్లిక్ ఏఎంపీ అనే మరో కబురు అణువును పెంచుతుంది. చానల్ దాకా కబురు చేరేది వీటి ద్వారానే. పిపెట్ కింది పొరను చీల్చే మామూలు హోల్-సెల్ పద్ధతిలో పిపెట్ ద్రావణం కణంలోకి వెళ్లి, లోపలి పదార్థాలను పలచబరుస్తుంది. అందుకే అందులో ఏటీపీ (కణానికి శక్తినిచ్చేది), జీటీపీ (జీ-ప్రోటీన్ పనిచేయడానికి కావాల్సింది) రెండూ తప్పనిసరి. నేను జీటీపీ వేయడం మరిచాను.

కాల్షియంతో తెరుచుకునే బీకే పొటాషియం చానళ్లను చూస్తుంటే పిపెట్ ద్రావణంలో ఈజీటీఏ (కాల్షియాన్ని పట్టేసే రసాయనం) 10 మిల్లీమోలార్ వేయకండి, కాల్షియం కబురును అది మధ్యలోనే మింగేస్తుంది. 0.1 చాలు. వీలైతే పొరను చీల్చకుండా, ఆంఫోటెరిసిన్ అనే మందుతో దానికి సన్నని రంధ్రాలు చేసే పర్ఫొరేటెడ్ ప్యాచ్ చేయండి. దాని రంధ్రాల్లోంచి చిన్న అయాన్లే వెళ్తాయి, ఏటీపీ, జీటీపీ కణంలోనే ఉంటాయి. దారి తెరుచుకోవడానికి పది, ఇరవై నిమిషాలు పట్టినా ఓపిక పట్టాల్సిందే.

కణాలను విడదీసేటప్పుడు కొలాజినేజ్‌లో (కణాల మధ్య బంధాన్ని కరిగించే ఎంజైమ్) ఎక్కువసేపు ఉంచితే రిసెప్టర్లు కూడా తెగిపోవచ్చు. కొన్ని కణాలు విడివడగానే ఎంజైమ్ కడిగేయండి.

సీసీకే-8 కొనేటప్పుడు సల్ఫేట్ ఉన్న రకమే తీసుకోండి. సల్ఫేట్ లేకపోతే సీసీకే-1 రిసెప్టర్‌ను పట్టుకునే బలం వందల రెట్లు తగ్గుతుంది. పెప్టైడ్లు గొట్టాల గోడలకు అంటుకుంటాయి కాబట్టి బఫర్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్ ప్రోటీన్) కలపండి, అదే ద్రావణాన్ని హార్మోన్ లేకుండా ముందు వేసి చూడండి. కరెంట్ ఐదు నిమిషాలు నిలకడగా ఉన్నాకే హార్మోన్ వేయండి. రిసెప్టర్లు త్వరగా మొద్దుబారతాయి, అందుకే ఒక కణానికి ఒక్క డోసే.

మార్పు కనిపించాక, అది బీకే కరెంటేనా అని దాన్ని అడ్డుకునే ఐబీరియోటాక్సిన్‌తో, ఎల్-టైప్ కాల్షియం కరెంటయితే దాన్ని అడ్డుకునే నిఫెడిపిన్‌తో ఆపి చూశాకే నోట్‌బుక్‌లో చానల్ పేరు రాయండి.