అనంతగిరికి సైకిళ్లతో బయల్దేరే ముందు

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో రాత్రి ఉండాలనుకుంటే ముందే అటవీ శాఖను అడగండి. అనుమతి లేని చోట టెంట్ వద్దు.

అందరి సైకిళ్ల చక్రాల సైజు రాసుకోండి. 26, 27.5, 29 అంగుళాలవి కలిసి ఉంటే ట్యూబులూ అలాగే కొనాలి. పంపు ప్రతి వాల్వుకూ పట్టాలి. పంక్చరైతే టైరు లోపలంతా గుడ్డతో తుడవండి. విరిగిన తుమ్మముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబూ కాసేపట్లో గోవిందా.

దిగుడులో బ్రేకులే దిక్కు. ప్యాడ్లు అరిగితే ఊళ్లోనే మార్పించండి.

హెల్మెట్ తేనివాళ్లను, ఎంత దగ్గరి స్నేహితులైనా సరే, ఎక్కనివ్వొద్దు. అనుభవమున్న ఒకరు అందరికంటే వెనక రావాలి. ఈ పని ఎవరికీ ఇష్టముండదు, ముందే ఒప్పించండి.

నీళ్లు, ఓఆర్‌ఎస్, టార్చ్ ఎవరివి వాళ్లవే. కోతులున్నాయి, తిండి మూత డబ్బాల్లో పెట్టండి. ఎండాకాలమైతే క్యాంప్‌ఫైర్ మాటే ఎత్తొద్దు.