అహంకారం కరిగే దారి – 3వ పాఠం: ఈ బాధ ఎవరికి?

పోయిన పాఠంలో చెప్పినట్టు నోట్‌బుక్ రాశారా? మనసు చివుక్కుమన్న ప్రతిసారీ ఒక్క లైను. రాయకపోతే నిన్న మొన్నటి సంఘటన ఒకటి గుర్తు తెచ్చుకోండి, ఇవాళ్టికి అది చాలు.

నా నోట్‌బుక్‌లో ఒక లైను ఇది: "శుభలేఖలో నా పేరు లేదు." దగ్గరి బంధువుల పెళ్లి. పనులన్నీ దగ్గరుండి చూశాను. ఆహ్వానించేవాళ్ల పేర్లలో మాత్రం నేను లేను. రెండు రోజులు అన్నం సహించలేదు. పందిట్లో నవ్వుతూనే తిరిగాను గానీ, ఎవరి పేరు వేశారు, వాళ్లు ఏపాటి చేశారు అని లోపల లెక్కలు కడుతూనే ఉన్నాను.

ఇలాంటప్పుడు ఎదుటివాళ్లను తిట్టుకుంటాం. కాస్త సాధన మొదలుపెట్టినవాళ్లమైతే "ఛీ, నాకింత అహమా" అని మనల్నే తిట్టుకుంటాం. తిట్టేది కూడా ఆ 'నేనే'. మనసుతో మనసును చంపాలనుకోవడం, దొంగనే పోలీసును చేసి దొంగను పట్టుకోమనడం లాంటిదని రమణ మహర్షి అనేవారు. కాబట్టి తిట్టకండి. వెతకండి.

వెతకడం అంటే ఏమిటో ఒక తెలుగు పండితుడు అడిగి తెలుసుకున్నాడు. బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టిన గణపతి ముని. 1900లో నవద్వీపంలో ఆశుకవిత్వం చెప్పి 'కావ్యకంఠ' బిరుదు పొందినవాడు. ఏళ్ల తరబడి మంత్రజపం చేసినా తపస్సు అంటే ఏమిటో అంతు చిక్కలేదు. 1907 నవంబరు 18న అరుణాచలం కొండెక్కి, విరూపాక్ష గుహలో మౌనంగా ఉండే యువకుడి కాళ్లమీద పడ్డాడు. అంత బిరుదు మోసినవాడు తనకంటే చిన్నవాడి ముందు "నాకు తెలియలేదు" అన్నాడు చూడండి, నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. 'నేను నేను' అనేది ఎక్కడినుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అని జవాబు వచ్చింది. ఆ స్వామికి 'రమణ మహర్షి' అని పేరు పెట్టింది కూడా ఈ పండితుడే.

ఇక సాధన. పొద్దున పది నిమిషాలు కూర్చోండి. నోట్‌బుక్‌లోని ఒక బాధను గుర్తు తెచ్చుకోండి. అది బాగా గుచ్చుకున్నాక అడగండి: ఈ బాధ ఎవరికి? "నాకు" అని వస్తుంది. ఆ 'నాకు' అనేది ఎక్కడ లేస్తోంది? అక్కడ ఆగి, చూస్తూ ఉండండి.

జవాబు చెప్పకండి. "నేను ఆత్మను" అని ఎక్కడో చదివింది వస్తుంది, అదీ ఒక ఆలోచనే. ప్రశ్నను జపంలా తిప్పకండి కూడా. శుభలేఖ మళ్లీ వస్తుంది, వాళ్ల ముఖాలు వస్తాయి. రానివ్వండి, మళ్లీ అడగండి: ఎవరికి?

నాకు మొదట్లో రెండు క్షణాలే దొరికేవి. ఆ రెండు క్షణాల్లో శుభలేఖ లేదు, అవమానమూ లేదు. అయినా నేను ఉన్నాను. ఆ రుచి తగిలితే చాలు, మర్నాడు కూర్చోమని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక మాట. మీకు రావలసిన జీతం ఎగ్గొట్టినా, ఎవరైనా చెయ్యి చేసుకున్నా ఈ ప్రశ్న అడుగుతూ మూల కూర్చోవద్దు. చేయాల్సింది చేయండి. రాత్రికి మిగిలే మంట మీద సాధన చేయండి.

వచ్చే పాఠానికి గాఢనిద్ర. అందుకోసం రేపటినుంచి లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే, మొదటి 'నేను' ఎప్పుడు వచ్చిందో గమనించి రాయండి.