సాయంత్రపు ఆకలితో మొదలుపెట్టండి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనైనా, ఒంగోలు లాయర్‌పేటలోనైనా, కలిగినవారి ఇళ్లలో పిల్లల తిండి ప్రస్తావన వస్తే పెద్దలు మొదట అడిగేది చిరుతిళ్లను ఎలా మానిపించాలనే. అంతకన్నా ముందు ఆకలి ఏ వేళకు పుడుతోందో గమనించాలి. పొద్దున గ్లాసెడు పాలతో బస్సెక్కి, మధ్యాహ్నం క్యారేజీలో సగం వదిలేసిన పిల్లవాడు సాయంత్రానికి కడుపు నకనకలాడుతూ ఇల్లు చేరతాడు. ట్యూషన్‌కు వెళ్లేలోగా చేతికందిన చిప్స్ ప్యాకెట్టో, ఫోన్‌లో తెప్పించిన బర్గరో తిని, రాత్రి అన్నం వద్దంటాడు.

కనుక బిడ్డ వచ్చే వేళకు తినుబండారం బల్లమీద సిద్ధంగా ఉండాలి. ఏం తింటావని అడగకండి. అడిగితే వచ్చే జవాబు తెలిసిందే. తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్లు, ఉడికించిన వేరుశనగకాయలు, కోడిగుడ్డు, పలుచని కారం దోసె, వీటిలో ఏదైనా సరిపోతుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. సంగటిని చూసి ముఖం తిప్పుకునే పిల్లలు రాగి దోసెను సాధారణంగా కాదనరు. ముల్లుకు భయపడి చేపల పులుసు మానేసినవారికి ముళ్లు తక్కువగా ఉండే కొరమీనుతో మళ్లీ అలవాటు చేయవచ్చు.

పానీయాల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. చేర్చిన చక్కెర నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం లోపు ఉండాలనీ, 5 శాతం లోపైతే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 1,600 కిలోకేలరీలు తినే బిడ్డకు ఆ 10 శాతం అంటే 40 గ్రాముల చక్కెర; 300 మిల్లీలీటర్ల కోలా ఒక్కటే 30 గ్రాములు దాటిస్తుంది. ఎదుగుదల పేరు చెప్పి పాలలో కలిపే పొడి డబ్బాను కూడా వెనక్కి తిప్పి, ‘యాడెడ్ షుగర్స్’ వరుస చదవండి.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2020 నిబంధనలు చెబుతున్నాయి గానీ, ఇంటి గేటుకు వచ్చే డెలివరీని అవి ఆపవు. ఆర్డరు పెట్టే ఫోన్ పెద్దల చేతిలోనే ఉండాలి, వారానికొక పూట బయటి తిండిని ముందే అనుకుంటే రోజూ పేచీ ఉండదు.

ఇంటికొచ్చిన క్యారేజీ మూత మీరే తీసి చూడండి. అన్నం ముద్దకట్టి మిగిలి, కూర ఖాళీ అయితే మర్నాడు అన్నం తగ్గించి కూర పెంచాలి. రెండూ మిగిలితే తినే వ్యవధి చాలడం లేదేమో అడిగి, కలిపిన పప్పన్నమో పులిహోరో పెట్టాలి. క్యారేజీ ఖాళీగా వచ్చిన రోజున సాయంత్రం గుగ్గిళ్లు గుప్పెడు చాలు.