కుర్సురాతో లెక్కలూ, వాదనా

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు విశాఖ గురించి చెబుతున్నప్పుడు ఇలా చేసి చూడండి. బోర్డు మీద ఒక ప్రశ్న రాయండి: "బీచ్ రోడ్డులో మనకున్నది ఒక్క గంటే. కుర్సురా జలాంతర్గామి చూద్దామా, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం చూద్దామా?" క్లాసును రెండు జట్లు చేయండి. షరతు ఒక్కటే: ప్రతి వాదనలోనూ ఒక అంకె ఉండాలి, అది ఎలా వచ్చిందో చూపించాలి. "మాదే బాగుంటుంది" అంటే కుదరదు.

పొడవులతో మొదలుపెట్టండి. జలాంతర్గామి సుమారు 91 మీటర్లు, విమానం సుమారు 53. పది మీటర్ల తాడుతో గ్రౌండులో కొలిపించండి. చాలా బళ్లలో 91 పూర్తికాకుండానే గోడ అడ్డొస్తుంది. అప్పుడేం చేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

అసలు వాదన సర్వీసు దగ్గర పుడుతుంది. కుర్సురా 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది. తీసివేస్తే 32 ఏళ్లు. కానీ చేరింది డిసెంబరు 18న, రిటైరైంది ఫిబ్రవరి 27న. నెలలు కూడా చూసిన పాప "కాదు, 31 ఏళ్లూ రెండు నెలల పైచిలుకు" అంటుంది. వెంటనే తీర్పు చెప్పేయకండి. క్యాలెండరు చేతికిచ్చి, అవతలి జట్టును తననే ఒప్పించమనండి. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఇదే. గట్టిగా అరిచేవాళ్లు కాదు, లెక్క చూపినవాళ్లు నెగ్గుతారు. ఎప్పుడూ వెనక బెంచీలో నోరు విప్పని పిల్లలు కూడా ముందుకొస్తారు.

సగంలో జట్లను తారుమారు చేయండి. చివర్లో ఓటింగ్ పెట్టి, వచ్చిన ఓట్లకు వాళ్లచేతే బార్ గ్రాఫ్ గీయించండి.