కొత్త నాన్‌ఫిక్షన్ పుస్తకం నమ్మదగిందో కాదో అరగంటలో ఎలా తేల్చుకోవాలి?

ఆహారం, చరిత్ర, యాత్రలు, ప్రపంచ రాజకీయాల మీద వచ్చే కొత్త పుస్తకాలకు అట్ట మీద ప్రశంసల కొదవ ఉండదు. ఆ ప్రశంసలను ప్రచురణకర్తలే ఏరి వేస్తారు కాబట్టి వాటిని బట్టి ఏమీ తేలదు. పుస్తకం ఎంత గట్టిదో తెలియాలంటే చివరి పేజీలు చూడాలి. షాపులో నిలబడి అయినా, లైబ్రరీలో కూర్చుని అయినా ముద్రణ వివరాల మీద ఒక చూపు వేసి, నేరుగా వెనక పేజీలకు వెళ్లండి.

1. ముందు ముద్రణ వివరాలు చూడండి

శీర్షిక పేజీకి వెనకవైపు ఉంటాయి. మొదటి ప్రచురణ ఏ సంవత్సరమో చూడండి. హార్డ్‌బౌండ్ వచ్చిన ఏడాదికి అటూ ఇటుగా పేపర్‌బ్యాక్ వస్తుంది, అప్పుడు అట్టతో పాటు ఒక్కోసారి ఉపశీర్షిక కూడా మారిపోతుంది. ఒకే పుస్తకం అమెరికాలో ఒక పేరుతో, బ్రిటన్‌లో మరో పేరుతో రావడం కూడా ఉంది. పుస్తకాన్ని గుర్తించే సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కూర్పుకో రకంగా ఉంటుంది కాబట్టి దాంతో తేలదు. అధ్యాయాల పేర్లు పోల్చి చూస్తే చదివిన పుస్తకాన్నే మళ్లీ కొనే బాధ తప్పుతుంది.

చాలా సంస్థలు అదే పేజీలో 10 నుంచి 1 దాకా అంకెల వరస వేస్తాయి. ఒక్కో ముద్రణకు ఒక్కో అంకె తీసేస్తూ పోతారు. మిగిలినవాటిలో అన్నిటికన్నా చిన్నది 3 అయితే మీ చేతిలో ఉన్నది మూడో ముద్రణ. పట్టుబడిన తప్పులను తర్వాతి ముద్రణల్లో దిద్దుతారు కనుక, దొరికితే తర్వాతి ముద్రణ ప్రతినే తీసుకోండి.

2. ఒక్క వాక్యాన్ని పట్టుకుని దాని ఆధారం దాకా వెళ్లండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. పుస్తకం మధ్యలో ఎక్కడైనా తెరవండి. ఆశ్చర్యం కలిగించే ఒక అంకెనో, ఎవరో అన్నట్టుగా కోట్ చేసిన మాటనో ఎంచుకోండి. ఇప్పుడు దాని రిఫరెన్సు వెతకండి. వాక్యం పక్కన చిన్న అంకె లేనంత మాత్రాన ఆధారాలు లేవనుకోవద్దు. సామాన్య పాఠకుల కోసం వేసే పుస్తకాల్లో, చదువుకు అడ్డం రాకూడదని అంకెలు తీసేసి, చివర్లో పేజీ సంఖ్య, వాక్యంలోని రెండు మూడు మాటలు ఇచ్చి ఆధారం రాస్తుంటారు.

ఆధారం దొరికాక అది ఏ రకందో చూడండి. ఆర్కైవ్ పేరు, ఫైలు సంఖ్య, ఉత్తరం తేదీ ఉంటే రచయిత అక్కడిదాకా వెళ్లి చూశాడని అనుకోవచ్చు. పరిశోధన గ్రంథం, దాని పేజీ సంఖ్య ఉన్నా మంచిదే. నాలుగు వందల పేజీల గ్రంథం పేరు రాసి పేజీ సంఖ్య వదిలేస్తే మాత్రం అనుమానించాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ సరిచూడలేరు. పాత కాలపు మాటకు ఆధారంగా పదేళ్ల కిందటి మరో పాపులర్ పుస్తకం చూపిస్తే, అసలు పత్రం రచయిత కంటపడలేదని అర్థం. ఒక్కచోట ఇలా ఉంటే పెద్ద విషయం కాదు. ఇలాంటి మూడు వాక్యాలు పరీక్షించండి. మూడింటికీ ఇదే వరస అయితే, అందులో ఉన్నది ఇతరుల పుస్తకాల సారాంశమే.

చివర్లో గ్రంథాల జాబితా మాత్రమే ఇచ్చి, ఏ వాక్యం ఎక్కడిదో చెప్పని పుస్తకాలు కూడా ఉన్నాయి. జాబితా ఎంత పొడుగున్నా ఈ పరీక్షకు అది పనికిరాదు.

3. పాత అబద్ధాలు ఉన్నాయేమో చూడండి

ప్రతి రంగంలోనూ కొన్ని కట్టుకథలు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కుతూ వస్తుంటాయి. మార్కో పోలో చైనా నుంచి ఇటలీకి పాస్తా తెచ్చాడన్నది వాటిలో ఒకటి. అతను వెనిస్‌కు తిరిగొచ్చింది 1295లో. సిసిలీలోని త్రబియాలో పిండితో పాస్తా చేసి ఓడల్లో ఎగుమతి చేస్తున్నారని అరబ్ భూగోళవేత్త అల్ ఇద్రీసీ 1154 నాటికే రాశాడు. మధ్యయుగ యూరప్‌లో కుళ్లిన మాంసం వాసన కప్పడానికి మసాలా దినుసులు వాడేవారన్నది ఇంకొకటి. సముద్రాలు దాటి వచ్చిన మిరియాలు, లవంగాలు కొనగలవాడికి తాజా మాంసం కొనడం కష్టం కాదు.

చరిత్ర పుస్తకమైతే ఫ్రాన్స్ రాణి మరీ ఆంట్వానెట్ పేరు వెతకండి. రొట్టె లేకపోతే ఇంకేదైనా మంచి పిండివంటకం తినమందన్న మాటను ఆమెకు అంటగట్టారంటే రచయిత సరిచూసుకోలేదన్నమాట. పేరు చెప్పకుండా ఒక రాకుమారి అన్నట్టుగా తత్వవేత్త రూసో ఈ కథ రాసేనాటికి ఆమె చిన్నపిల్ల. ఫ్రాన్స్‌కు వచ్చింది 1770లో. యాత్రల పుస్తకంలో మాజెల్లాన్ ప్రపంచాన్ని చుట్టివచ్చాడని ఉంటే అదీ తప్పే. అతను 1521లో ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు. 1522లో మిగిలిన ఓడను స్పెయిన్‌కు చేర్చింది అతని బృందంలోని ఎల్కానో.

మీకు బాగా తెలిసిన రంగం ఏదైనా ఉంటే దానికి సంబంధించిన పేజీ చదవడం ఇంకా మేలు. తెలిసిన చోట తప్పు దొరికితే తెలియని చోట ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

4. పదసూచిక చదవండి

పేరులో 'ప్రపంచ చరిత్ర' ఉన్న పుస్తకంలో ప్రపంచం ఎంతుందో చివర ఉండే పదసూచిక (ఇండెక్స్) చూపిస్తుంది. సుగంధ ద్రవ్యాల చరిత్రలో పోర్చుగల్‌కు పన్నెండు పంక్తులు, ఆగ్నేయాసియా రేవు మలక్కాకు ఒకటి, జాజికాయ పుట్టిల్లయిన బాందా దీవులకు అసలేమీ లేకపోతే, జాజికాయ పండించినవాళ్లను వదిలేసి కొన్నవాళ్ల కథే రాశారని అర్థం. పదసూచికే లేకపోతే ఆ పుస్తకం ఒకసారి చదవడానికి సరిపోతుంది, మళ్లీ వెతుక్కోవడానికి పనికిరాదు.

5. రంగాన్ని బట్టి చూడాల్సినవి

వంటల పుస్తకంలో కొలతలు చూడండి. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. టేబుల్ స్పూన్ చాలా దేశాల్లో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఏ కప్పో, ఏ స్పూనో మొదట్లోనే చెప్పి ఉండాలి. కప్పుతో పాటు గ్రాములు కూడా ఇస్తే, మైదా వాడే రెండు వంటకాలు తీసి పోల్చండి. ఒకచోట కప్పు 120 గ్రాములు, మరోచోట 150 గ్రాములు అయితే లెక్క జాగ్రత్తగా చేయలేదు. పైన పదార్థాల పట్టికలో ఉన్నవన్నీ కింద తయారీలో వచ్చాయో లేదో కూడా లెక్కపెట్టండి. ఒకటి తప్పిపోయిందంటే ఆ వంటకాన్ని ఎవరూ చేసి చూడలేదేమో.

యాత్రా రచనలో రచయిత అక్కడ ఎన్నాళ్లున్నాడు, ఏ కాలంలో వెళ్లాడు, అక్కడి భాష వచ్చా, లేక దుబాసీ మీద ఆధారపడ్డాడా అన్నది చూడండి. ఇవి ముందుమాటలోనో కృతజ్ఞతల పేజీలోనో ఉంటాయి. ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కూడా అక్కడే బయటపడుతుంది. కలం ఎవరి చేతిలో ఉందన్నది ఎప్పటినుంచో ఉన్న ప్రశ్నే: మార్కో పోలో జెనోవా చెరలో ఉండి చెబుతుంటే రాసిన రుస్తిచెల్లో వీరగాథల రచయిత. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చెప్పింది రాసిన ఇబ్న్ జుజయ్, కొన్ని నగరాల వర్ణనలను అంతకుముందు వెళ్లిన ఇబ్న్ జుబైర్ రచన నుంచి తీసుకున్నాడు.

ప్రపంచ రాజకీయాల పుస్తకానికి మొదట తేల్చాల్సింది, రచయిత ఏ నెలలో రాయడం ఆపాడన్నది. రాతప్రతి ఇచ్చాక పుస్తకం బయటికి రావడానికి మామూలుగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. రిఫరెన్సుల్లో వెబ్ పేజీలను ఎప్పుడు చూశారో తేదీలు ఉంటే, వాటిలో ఆఖరిది వెతకండి. దాదాపు అదే ఆ పుస్తకానికి గడువు తేదీ. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న, స్వీడన్ 2024 మార్చి 7న నాటోలో చేరాయి. సిరియాలో అసద్ ప్రభుత్వం 2024 డిసెంబర్ 8న కూలిపోయింది. ఈ మూడు తేదీల్లో దేనికి ముందు రాతప్రతి ముగిసిందో గుర్తిస్తే ఏ అధ్యాయాలు పాతబడ్డాయో తెలుస్తుంది. అంతమాత్రాన పారేయక్కర్లేదు. కారణాలను విడమర్చే అధ్యాయాలు ఎక్కువ కాలం నిలుస్తాయి, ముందేం జరుగుతుందో చెప్పే చివరి అధ్యాయమే తొందరగా చెడుతుంది. కొత్త చివరిమాటతో పేపర్‌బ్యాక్ వస్తుందని ప్రకటించి ఉంటే ఆగడం మంచిది. 'ఒక సీనియర్ అధికారి చెప్పారు' అన్నది పేజీకోసారి వస్తుంటే, ఆ మాటలను పత్రాలతో ఎక్కడైనా సరిపోల్చాడా అని చూడండి.

6. ఈబుక్, ఆడియో అయితే

ఈబుక్ ఉచిత నమూనాలో మొదటి అధ్యాయాలే వస్తాయి, చివరి పేజీలు రావు. అందుకని లైబ్రరీ ప్రతిలో పరీక్షించి కొనండి. ఆడియోలో రిఫరెన్సులు చదవరు. పటాలు, పట్టికలు మాత్రం వేరే పీడీఎఫ్‌గా ఇస్తుంటారు, డౌన్‌లోడ్ చేసుకోవడం మరవకండి.

చదివేటప్పుడు తప్పు కనబడితే ప్రచురణకర్తకు రాయండి. పేజీ సంఖ్య, వాక్యం, సరైన సమాచారానికి ఆధారం, మీ ప్రతి ఎన్నో ముద్రణ అన్న నాలుగూ ఇవ్వాలి. ముద్రణ సంఖ్య లేకపోతే ఆ తప్పును అప్పటికే దిద్దారో లేదో వాళ్లు మళ్లీ వెతకాల్సి వస్తుంది.