ఇయర్ సిక్స్ క్యాంపు ఫారం నింపేటప్పుడు

మే నెలలో శాట్స్ అనే ప్రైమరీ చివరి పరీక్షలు అయ్యాయంటే ఇంగ్లండ్‌లో చాలా ప్రైమరీ స్కూళ్లు ఇయర్ సిక్స్ (పదీ పదకొండేళ్ల) పిల్లల్ని రెసిడెన్షియల్‌కి, అంటే టీచర్లతో బయట బసచేసి కొండలెక్కడం, పడవ నడపడం లాంటివి చేసే క్యాంపుకి తీసుకెళ్తాయి. లేక్ డిస్ట్రిక్ట్‌కో, పీక్ డిస్ట్రిక్ట్‌కో, వేల్స్ కొండల్లోకో మూడు నాలుగు రోజులు. స్కూలు నుంచి ఉత్తరం రాగానే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మీరు పంపుతున్నారా?" మా పెద్దవాడప్పుడు నేనూ అడిగాను. ఇద్దర్నీ పంపి వచ్చాక ఒకటి తెలిసింది. తాడు తెగుతుందేమో, పడవ బోల్తా పడుతుందేమో అని నిద్ర మానుకునే మనమే, ఫారం నింపేటప్పుడు మాత్రం నిజం రాయం.

ఉబ్బసం ఉందా అని అడిగితే "చిన్నప్పుడుండేది, ఇప్పుడెక్కడ" అనుకుని లేదని కొట్టేస్తాం. పక్క తడుపుతాడా అంటే పరువు సమస్య, ఆ గడి ఖాళీ. ఈత వచ్చా అంటే పది క్లాసులకి వెళ్లాడు కదా, వచ్చు. ప్రైమరీ అయ్యేలోపు 25 మీటర్లు ఈదగలగాలని ఇక్కడి సిలబస్‌లో ఉంది నిజమే. కానీ అది గోరువెచ్చని పూల్‌లో. కొండల మధ్య చెరువు నీళ్లు జూన్‌లోనూ వణికిస్తాయి. ఒక్కసారిగా అందులో పడితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత వచ్చినవాళ్లకీ చేతులు ఆడవు. లైఫ్ జాకెట్ ఎలాగూ వేస్తారు. అయినా ఎవరి మీద కన్నేసి ఉంచాలో ఇన్‌స్ట్రక్టర్‌కి తెలిసేది మీ ఫారం నుంచే. నీళ్లలో పడితే కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా వెల్లకిలా తేలమని ఇంట్లోనే చెప్పి ఉంచండి.

పక్క తడిపే సంగతి టీచర్లకి కొత్త కాదు. చెప్పి ఉంచితే పడుకునే ముందు గుర్తుచేస్తారు, దుప్పటి గుట్టుగా మార్చేస్తారు. చెప్పకపోతే ఆ పిల్లాడు తడిసిన పక్క మీదే తెల్లారేదాకా మేలుకుని ఉంటాడు.

మందులు టీచర్ చేతికే ఇవ్వాలి, ఫార్మసీ లేబుల్ ఉన్న అసలు డబ్బాతో. ఇన్‌హేలర్ డార్మిటరీలో ఉంటే లాభం లేదు, కొండ ఎక్కేటప్పుడు ఎవరి సంచిలో ఉంటుందో అడగండి. ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీ వస్తే వెంటనే పొడిచే ఇంజెక్షన్) వాడే పిల్లలైతే రెండు పంపాలి. మా అత్తగారు మా పెద్దవాడి సాక్స్‌లో జండూ బామ్ దాచారు. మొదటి రాత్రే అది నలుగురు పిల్లల కళ్లలోకి వెళ్లింది. స్కూలు నుంచి వచ్చిన ఫోన్ మాట్లాడింది నేను.

తిండి విషయంలో మనవాళ్లందరూ పడే గుంట ఒకటుంది. ఇక్కడ "వెజిటేరియన్" అంటే గుడ్డు తినేవాళ్లే. మీ ఇంట్లో గుడ్డు ముట్టరంటే, గుడ్డు వద్దని విడిగా రాయండి. మాంసం తినే పిల్లలైతే బీఫ్ తింటారా, పోర్క్ తింటారా, హలాల్ కావాలా అనేది కూడా విప్పి రాయాలి. వాళ్లే తెలుసుకుంటారులే అనుకోవద్దు. జెల్లీ స్వీట్లలో చాలావాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందని పిల్లకి తెలిసి ఉండాలి. పల్లీలు, జీడిపప్పు ఉన్నవేవీ బ్యాగులో పెట్టకండి, పక్క మంచం పిల్లకి అలర్జీ ఉండొచ్చు. మురుకులు, పచ్చడి కూడా ఇంట్లోనే ఉండనివ్వండి. నాలుగు రోజులు పాస్తా తింటే ఏమీ కాదు.

ఎవరూ నోరు విప్పని ఇంకో సంగతి బాత్రూమ్. ఇంట్లో మగ్గుతో కడుక్కోవడం అలవాటైన పిల్లలు అక్కడ రెండ్రోజులు బిగబట్టుకుని కడుపునొప్పి తెచ్చుకుంటారు. వెట్ వైప్స్ ప్యాకెట్ పెట్టి, టాయిలెట్‌లో కాకుండా చెత్తబుట్టలో వెయ్యమని చెప్పండి. ఆడపిల్లలకి మరో మాట. పదీ పదకొండేళ్లంటే క్యాంపులోనే పెద్దమనిషి కావచ్చు. ప్యాడ్లు పెట్టి, ఎలా వాడాలో చూపించి, ఏ మేడమ్‌కి చెప్పాలో పేరుతో సహా చెప్పి పంపండి. ముహూర్తాలు, ఫంక్షన్ల లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. పిల్ల భయపడకపోవడం ముందు.

బట్టల దగ్గర మన అనుభవం ఇక్కడ తిరగబడుతుంది. మనకి కాటన్ మంచిది, ఒంటికి చల్లన. ఇక్కడి కొండల మీద ఆ చల్లదనమే ముప్పు. తడిసిన కాటన్ ఒంట్లో వేడిని లాగేస్తుంది, జీన్స్ అయితే రాయిలా బరువెక్కి సాయంత్రానికీ ఆరదు. సింథటిక్ ట్రాక్ ప్యాంట్లు, రెండు ఫ్లీసులు, నిజంగా వాన ఆపే కోటు, తడిసినా ఫర్వాలేదనుకునే పాత బూట్లు ఒక జత, తడి బట్టలకి బిన్ బ్యాగులు. దీపావళికి కొన్న కొత్త జాకెట్ వద్దు. బ్యాగు మీరు సర్దకండి, పక్కన కూర్చుని వాళ్లచేత సర్దించండి. లేకపోతే టార్చ్ బ్యాగులోనే ఉన్నా లేదంటారు.

బంగారం ఒక్కటీ ఉండకూడదు. చెవి పోగులు, కడియం, చేతి నల్లదారం అన్నీ తియ్యాలి. మొలతాడు కూడా. క్లైంబింగ్ హార్నెస్ (తాడుకి తగిలించే పట్టీ) బిగించేది సరిగ్గా నడుం చుట్టూ, వెండి మువ్వలు ఒత్తుకుని చర్మం కోసుకుపోతుంది. చెవులు కుట్టించాలనుకుంటే క్యాంపు అయ్యాకే కుట్టించండి, పచ్చి చెవులకి పోగులు తీస్తే పూడిపోతాయి. జుట్టు జడ వేసి, కొస లోపలికి మడిచి కట్టాలి. వదులు జుట్టు తాడు పరికరంలో ఇరుక్కుంటే విడిపించడం కష్టం.

1993 మార్చిలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో కయాకింగ్‌కి (చిన్న పడవలు నడపడానికి) వెళ్లిన ప్లిమత్ విద్యార్థుల్లో నలుగురు చనిపోయారు. ఆ తర్వాతే, 1995లో, యాక్టివిటీ సెంటర్ల మీద చట్టం వచ్చింది. బండలెక్కడం, గుహలు, కొండ నడక, నీటి ఆటలు డబ్బు తీసుకుని 18 ఏళ్లలోపు పిల్లలతో చేయించాలంటే లైసెన్స్ ఉండాలి. అయితే చెట్ల మధ్య తాళ్ల మీద నడిపించేవి, తీగకి వేలాడుతూ జారే జిప్ వైర్ ఆ లైసెన్స్ కిందికి రావు. క్యాంపుకి ముందు స్కూలు పెట్టే మీటింగ్‌లో ఫీజు గురించి అడిగినట్టే దీన్నీ అడగండి: ఏవి లైసెన్స్ కింద ఉన్నాయి, మిగతావి ఎవరు తనిఖీ చేస్తారు, రాత్రి డార్మిటరీ దగ్గర ఎవరుంటారు, దగ్గరలో ఆసుపత్రి ఎంత దూరం.

బెంగ గురించి ఒక్క మాట. "బాగోకపోతే ఫోన్ చెయ్యి నాన్నా, వచ్చి తీసుకొచ్చేస్తాం" అనకండి. ఫోన్లు ఎలాగూ తీసేసుకుంటారు, ఆ మాట మాత్రం మొదటి రాత్రంతా చెవిలో మోగుతుంది. ముందే ఒక రాత్రి స్నేహితుడింట్లో పడుకోబెట్టి చూడండి.

తిరిగొచ్చాక స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా వెతకండి: చెవుల వెనక, జుట్టు మొదట్లో, చంకల్లో, నడుం దగ్గర, గజ్జల్లో. మన పశువులకి పట్టే పిడుదుల్లాంటివే ఇక్కడి గడ్డిలోనూ ఉంటాయి, గసగసంతవి కూడా. కొన్నిటివల్ల లైమ్ జబ్బు అనే ఇన్ఫెక్షన్ వస్తుంది. కనబడితే నూనె పొయ్యకండి, కాల్చకండి, సన్నని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నెమ్మదిగా పైకి లాగండి. ఆ జబ్బు తాలూకు ఎర్రటి మచ్చ ఒకటి నుంచి నాలుగు వారాల్లో రావచ్చు, ఒక్కోసారి మూడు నెలలైనా పడుతుంది. అప్పుడు జీపీకి, అంటే మన డాక్టర్‌కి, క్యాంపు తేదీ చెప్పాల్సి వస్తుంది, కాబట్టి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.