వాన నీటికి దారి – 4వ పాఠం: డాబా కడుగు

పోయిన పాఠంలో డాబాను కొలిచి, ఎన్ని గొట్టాలు కిందికి దిగుతున్నాయో చూసుకున్నాం. అది చదివి హొరమావులో ఉండే మా వదిన ఫోను చేసింది. "లెక్క బాగానే ఉంది గానీ, మా గొట్టం తిన్నగా మురుగు గుంతలోకి దిగుతోంది. ఇల్లు కట్టిన మేస్త్రీ అలాగే పెట్టాడు. ఇప్పుడు ఏమి చేయమంటావు?" అంది. బెంగళూరులో ఇలాంటి గొట్టం వీధికొకటైనా కనిపిస్తుంది. కాబట్టి ముందు ఆ ముడి విప్పి, తర్వాత అసలు పాఠంలోకి వెళదాం.

మురుగు గొట్టాన్ని స్నానాల గదులకు, వంటింటికి సరిపడేలా వేస్తారు, డాబా వానకు కాదు. గట్టి వాన గంటసేపు పడితే ఆ గొట్టం నిండి, వీధిలో మ్యాన్‌హోల్ మూతను ఎత్తేసి, మురుగంతా వాన కాలువలోకి పొర్లుతుంది. ఇక్కడివాళ్లు రాజకాలువె అనే ఆ కాలువలు చెరువును చెరువుతో కలిపే పాత దారులు. వాటిలో పడిన నీటికి దారిలో ఏ శుద్ధీ ఉండదు, నేరుగా చెరువులోకే పోతుంది. బెళ్లందూరు చెరువు నురగలు కక్కడానికి, 2017లో, మళ్లీ 2018లో తగలబడడానికి ఇలా చేరిన మురుగు, సబ్బు నీళ్ల పాత్ర పెద్దదే. ఆ చెరువు పొంగి వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి పోతుంది. మన పెన్న పుట్టిన నంది కొండల్లోనే పుట్టిన నది అది. తమిళనాడు మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఊళ్లో ఒక ఇంటి గొట్టం అంత దూరం పోతుందన్నమాట! ఆ గొట్టాన్ని మురుగు గుంతలోంచి ఊడదీసి, రంధ్రాన్ని సిమెంటుతో మూసేయించండి. ప్లంబరుకు ఒక పూట పని.

ఇక అసలు పాఠం.

బియ్యం కడిగినప్పుడు తొలి నీళ్లు తెల్లగా, చిక్కగా వస్తాయి. ఆ కడుగును మన ఇళ్లలో కుడితి తొట్టిలో పోసేవారు గానీ ఎసట్లో పోయలేదు. డాబా సంగతీ అంతే. బెంగళూరులో జనవరి నుంచి మార్చి దాకా చినుకు అరుదు. ఆ మూడు నెలలూ రోడ్డు దుమ్ము, పావురాల రెట్ట, ఎండుటాకులు, వాహనాల పొగ మసి డాబా మీద పేరుకుంటాయి. ఏప్రిల్‌లో మామిడి జల్లులు పడగానే అదంతా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. ఊరంతటి డాబాలు, రోడ్లు ఒకే గంటలో తమ కడుగును చెరువులోకి దింపితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. ఎండాకాలపు తొలి వానల తర్వాత చేపలు తెల్లగా తేలడానికి ఇదొక కారణం.

అందుకే తొలి నీళ్లను వేరు చేయాలి. ఎన్ని నీళ్లు? చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. ఇది గుర్తుంటే చాలు, మిగతాదంతా గుణకారమే. 30 × 40 అడుగుల స్థలంలో కట్టిన ఇంటి డాబా 900 చదరపు అడుగులు, అంటే దాదాపు 84 చదరపు మీటర్లు అనుకుందాం. తొలి రెండు మిల్లీమీటర్లను కడుగుగా తీసేస్తే 168 లీటర్లు. మందుల కంపెనీలు, రంగుల దుకాణాలు వాడి అమ్మేసే 200 లీటర్ల నీలం డ్రమ్ము సరిపోతుంది (లోపల ఏమి నింపారో అడిగి, బాగా కడిగి తెచ్చుకోండి). కొందరు ఆరంగుళాల గొట్టాన్నే నిలబెట్టి సరిపెడతారు. అందులో మీటరుకు 18 లీటర్లే పడతాయి. మూడు మీటర్లు నిలబెట్టినా ఈ డాబాకు ఒక మిల్లీమీటరు కూడా ఆగదు. నాకు అది కంటితుడుపు పనిగానే తోస్తుంది.

అమర్చే పద్ధతి ఇది. దిగే గొట్టంలో డ్రమ్ము కంటే ఒక అడుగు ఎత్తున 'టీ' (మూడు నోళ్లున్న గొట్టపు అతుకు) బిగించండి. టీ కింది నోరు డ్రమ్ములోకి, పక్క నోరు ఇసుక, కంకర వేసిన వడపోత తొట్టిలోకి. అక్కడ వడకట్టిన నీళ్లు ఇంకుడు బావికి, అంటే నీటిని భూమిలోకి ఇంకించే బావికి, పోతాయి. వాన మొదలవగానే నీళ్లు డ్రమ్ములోకి దిగుతాయి. డ్రమ్ము నిండాక నీటి మట్టం టీ దాకా లేచి, తర్వాతి శుభ్రమైన నీళ్లు పక్క దారి పడతాయి. కవాటం తిప్పడానికి ఎవరూ గొడుగు వేసుకుని పరుగెత్తనక్కరలేదు. డ్రమ్ము మూత మాత్రం నీళ్లు కారనంత బిగుతుగా ఉండాలి. లేకపోతే నీళ్లు మూత దగ్గరే పొర్లిపోయి, టీ దాకా లేవవు.

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. మూత బిగించడంలో చూపిన శ్రద్ధ గాలి మీద చూపలేదు. తొలి వానకు డ్రమ్ములో గాలి బయటికి పోలేక, నీళ్లు లోపలికి రాలేక, గొట్టం గుటకలు మింగింది. కడుగంతా హాయిగా వడపోతలోకి వెళ్లి, ఇసుక మీద అరంగుళం బురద పేర్చింది. మూతకు అరంగుళపు సన్నని గొట్టం పెట్టి, టీ కంటే జానెడు ఎత్తుకు లేపితే గాలి బయటికి పోతుంది. పైచివర దోమ వల చుట్టండి.

డ్రమ్ము అడుగున రెండు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బిరడా బిగించాలి. దాదాపు అరరోజులో డ్రమ్ము తనంతట తానే ఖాళీ అయి, తర్వాతి వానకు సిద్ధమవుతుంది. ఖాళీ కాకపోతే రెండు నష్టాలు: కడుగు ఆగదు, దోమలు గుడ్లు పెడతాయి. ఆకు ముక్క అడ్డుపడడం మామూలే, వారానికోసారి సన్నని తీగతో పొడవండి. కారే నీళ్లను వీధిలోకి వదిలితే మనం చేసినదంతా వృథా. మెట్ట తామరో, అరటో నాటిన పాదులోకి మళ్లించండి. ఆ మురికి మట్టిలోనే ఆగిపోతుంది, కొంత మొక్కకు ఎరువు కూడా.

కారు నిలిపే చోటు నీళ్లను ఈ డ్రమ్ముకు కలపకండి. నూనె, సబ్బు, టైరు పొడి ఉన్న నీళ్లు ఇంకుడు బావిలోకి అసలే పోకూడదు. భూమి లోపలి నీరు ఒకసారి చెడితే బాగు చేయడం దాదాపు అసాధ్యం. నేల నీళ్లకు వేరే పద్ధతి ఉంది, అది ఆరో పాఠంలో. డ్రమ్ము కొనే ముందు ఎక్కడైనా కళ్లతో చూడాలనుకుంటే, జయనగర ఐదో బ్లాకులో విశ్వేశ్వరయ్య పేరిట ఉన్న వాన నీటి ప్రదర్శన ఉద్యానానికి వెళ్లండి. రకరకాల వడపోతల నమూనాలు అక్కడ పెట్టారు.

ఇంటి పని: మూడు గాజు సీసాలు సిద్ధంగా పెట్టుకోండి. వచ్చే వానకు గొట్టం కింద మొదటి సీసా నీళ్లు రాగానే, రెండోది పది నిమిషాలకు, మూడోది అరగంటకు పట్టండి. చీటీ అంటించి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మడ్డి పేరుకుంటుంది. రెండో సీసాలోనూ మడ్డి స్పష్టంగా కనిపిస్తే మీకు రెండు మిల్లీమీటర్లు చాలవు, మూడు లెక్కించండి. మా డాబా మీద వేప కొమ్మ వాలి ఉంటుంది కాబట్టి మాకు మూడు కావలసి వచ్చింది, ఇంకో డ్రమ్ము తెచ్చాను.

వచ్చే పాఠం ఇంకుడు బావి. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, సిమెంటు వరలు. బావులు తవ్వే 'మన్ను వడ్డర్ల' కులంవారితో బేరం తెలుగులోనే సాగుతుంది, వాళ్ల ఇంటి భాష అదే. అప్పటికి మీ ఇంటి పునాదికి, మురుగు గుంతకు మధ్య ఎన్ని అడుగులు ఖాళీ ఉందో కొలిచి రాసి పెట్టుకోండి.